సున్‌దక్ కుడిచెయ్యి

మలుగుపాము తలను మేకుకు గుచ్చి, మెడ చుట్టూ కత్తి తిప్పి, తోలును వేళ్ళకు చుట్టుకుని ఒక్క లాగు లాగితే, లోపలి మాంసం తెల్లవారుజాము ఆకాశంలా లేత గులాబీ రంగులో బయటపడుతుంది. తోలు పోయాక కూడా ఆ చేప బతికే ఉంటుంది. బల్లమీద మెలికలు తిరుగుతూ ఎవరినో పిలుస్తున్నట్టుంటుంది. కొరియాలోని బూసాన్ రేవు చేపల బజారులో సున్‌దక్ వయసంతా ఆ బల్ల ముందే గడిచింది. ఆమె కత్తికీ నోటికీ ఒకే సానరాయి అని బజారువాళ్ళు అనుకునేవాళ్ళు.

పక్క కొట్టు పిల్సుది. ఆమెకంటే చిన్నవాడు, అక్కా అని పిలిచేవాడు. తోలు ఒలవడం వాడికి నేర్పింది ఆమే. ఒక చలికాలపు పొద్దున, నెత్తురూ జిగురూ కలిసిన ఆమె కడుగునీళ్ళు వాడి కొట్టు ముందుకు పారాయి. వాడికింకా బోణీ కాలేదు. బోణీ కాకముందు ఇంకొకరి కడుగునీళ్ళు కొట్టు ముందుకొస్తే ఆ రోజు అదృష్టం కొట్టుకుపోయినట్టేనని ఆ బజారు నమ్మకం. పిల్సు అరిచాడు. ఆమె నవ్వింది.

"నీ మొహం చూస్తే వచ్చే బోణీ కూడా వెనక్కి పోతుందిరా" అని ఇంకో బకెట్టు గుమ్మరించింది.

వాడు ఐసు పగలగొట్టే సుత్తి తీసి ఆమె తలమీద కొట్టాడు. తొట్టి బోర్లపడింది. మలుగుపాములు ఆమె ముఖం మీదుగా, వెచ్చని ఎరుపులోంచి, నల్లటి వాగులా జారిపోయాయి.

ఆసుపత్రిలో కళ్ళు తెరిచేసరికి కుడిచెయ్యి చచ్చుబడింది, ఇక ఆమెది కాదు. చికిత్స చేసే దాసొల్ అనే అమ్మాయి ఆ చేతికి ఒక యంత్రపు తొడుగు తొడిగింది. వేళ్ళ మీద ఇనుప పక్కటెముకలు, మోచేతి కింద చర్మానికి అంటించిన తీగలు. చెయ్యి కదలాలనే కోరిక తలలో పుడితే, అది ఎంత సన్ననిదైనా సరే, యంత్రం పసిగట్టి వేళ్ళను కదిలిస్తుంది. కోరిక లేకపోతే కదలదు. గ్లాసు పట్టుకోవాలనుకోండమ్మా అని దాసొల్ రోజూ బతిమాలేది. సున్‌దక్ అనుకునేది. యంత్రం నిద్రపోయేది.

ఒకనాడు బజారు నుంచి పలకరించడానికి వచ్చిన ఆవిడ, పిల్సు బెయిలు మీద వచ్చి మళ్ళీ కొట్టు తెరిచాడని చెప్పింది. ఇనుప వేళ్ళు చప్పున ముడుచుకున్నాయి. చేతిలోని కాగితం గ్లాసు నలిగి, బార్లీ నీళ్ళు మణికట్టు మీదుగా కారాయి. దాసొల్ చప్పట్లు కొట్టింది. ఏమనుకున్నారమ్మా అని అడిగితే సున్‌దక్ ఇంకో గ్లాసు ఇమ్మంది.

అప్పటినుంచి ఆమె రోజూ వాణ్ణి చంపింది. మేకుకు గుచ్చింది, మెడ చుట్టూ కత్తి తిప్పింది, తోలు లాగింది. చంపిన ప్రతిసారీ పిడికిలి బిగిసింది. దాసొల్ యంత్రం సాయం తగ్గిస్తూ వచ్చింది. చేతిలోకి బలం పాములా పాకి వచ్చింది.

బిగిసిన పిడికిలి మాత్రం తెరుచుకునేది కాదు. పువ్వు విచ్చుకుంటోంది అనుకోమంది దాసొల్. గుప్పెట్లో ఇసుక జారవిడుస్తున్నాననుకోమంది. చివరికి ఒక్కొక్క వేలే ఊడదీయాల్సి వచ్చేది.

"పట్టు ఉండి విడుపు లేకపోతే చెయ్యి పనికి రాదమ్మా" అంది ఒకరోజు.

ఆ మాట సున్‌దక్‌కు ఒకరు చెప్పక్కర్లేదు. ఒక తోలు వదలలేని చెయ్యి ఇంకో పామును అందుకోలేదు. ఇలాగే ఉంటే తన బల్ల ముందు ఇంకెవరో నిలబడతారు, తనకు ఇంకెవరో ముద్ద కలిపి పెడతారు.

కోర్టులో విచారణ దగ్గరపడ్డాక పిల్సు ఆసుపత్రికి వచ్చాడు. అందరి ముందూ నేలమీద మోకరిల్లాడు.

"తప్పయిపోయిందక్కా. నువ్వు క్షమించానంటే జడ్జిగారు దయ చూస్తారట."

"చెయ్యి ఇలా ఇయ్యి" అంది సున్‌దక్.

మన్నించిందనుకుని ఇచ్చాడు. ఇనుప పక్కటెముకలు ముడుచుకున్నాయి. పుల్ల విరిగినట్టు ఒక చిన్న చప్పుడు. వాడు పెదవి కొరుక్కున్నాడు. దాసొల్ పరుగెత్తుకొచ్చి యంత్రం ఆపేసింది, తొడుగు ఊడలాగింది. అయినా పట్టు సడలలేదు. అది ఇక యంత్రం పట్టు కాదు. వాడి గోటి కింద నెత్తురు ఉబికింది.

"వదులక్కా, వేలు విరిగిపోయింది."

"విరగనీ."

నొప్పితో వాడి దీనత్వం కరిగిపోయింది. "తప్పు నాదొక్కడిదేనా? బోణీ కాకముందు నీళ్ళు గుమ్మరించింది నువ్వు కాదూ?"

ఆ కోపానికి పిడికిలి చాలలేదు. బొటనవేలు విడివడింది, దాని వెంట మిగతావి, అరచెయ్యి మొత్తం తెల్లగా విచ్చుకుని వాడి చెంపమీద పేలింది. పిల్సు పక్కకు ఒరిగాడు. ఆపాల్సిన దాసొల్ కదలకుండా నిలబడిపోయింది.

"తెరుచుకుందమ్మా" అంది.

సున్‌దక్ తన చేతినే చూసుకుంది. మెల్లగా ముడిచింది. మెల్లగా తెరిచింది. విడివడిన వేళ్ళ సందుల్లోంచి కిటికీ వెలుగు పడింది.

"లేచి సరిగ్గా కూచోరా" అంది. వాడు కూచున్నాడు. ఈసారి దెబ్బ సూటిగా తగిలింది.