బాపు మానేసిన గోలీలు

రక్తంలోని రక్షక కణాలు ఒకదానితో ఒకటి ఎలా మాట్లాడుకుంటాయో చూడడమే నా పీహెచ్‌డీ పని. అవి కొవ్వు పొర చుట్టిన చిన్న చిన్న సంచులు వదులుతాయి. వాటిలోని సరుకును బట్టి అవతలి కణం పోరుకు లేస్తుంది, లేదా ఊరుకుంటుంది. మామూలు మైక్రోస్కోపుకు అవి కనిపించవు. నాతో చదివినవాళ్లు సాఫ్ట్‌వేర్‌లో చేరి కార్లు కొంటుంటే, నేను సిటీ హాస్టల్లో ఉండి ఆ సంచుల కోసం తల బాదుకునేదాన్ని.

మా బాపుకు కీళ్లవాతం. ఆ కణాలు సొంత కీళ్లనే శత్రువనుకుని మీద పడే జబ్బు. ఎంకపల్లిలో గులాబీలు కోసే మనిషి. చేవెళ్ల డాక్టరు రాసిన గోలీలతోనే వేళ్లు ఆడేవి. నా పనికి రోగుల రక్తం కావాలంటే తానే బస్సెక్కి వచ్చి చెయ్యి చాచాడు. ఆయన రక్తంలో సంచులు పెద్దగా దొరకలేదు. ఆదివారం ఇంటికెళ్లి చిరాకుపడ్డాను.

"గోలీలు వాటి నోరు మూసినయేమో బాపూ."

"బంద్ చేస్తే మాట్లాడ్తయా?"

"మస్తు మాట్లాడ్తయి" అని నవ్వి, కంచం తీసి లేచాను. ఎంత తెలివి నాది!

తర్వాత నెల రోజులు ఇంటికి పోలేదు. బాపు రెండోసారి ల్యాబుకొచ్చినప్పుడు చేతుల మీద తువ్వాల కప్పుకుని కూర్చున్నాడు. ఏసీ చలి అన్నాడు, నమ్మాను. ఈసారి సంచులే సంచులు! గైడ్ మెచ్చుకున్నారు. మిఠాయి డబ్బాతో ఇంటికి పరుగెత్తాను.

మా అమ్మ, మేం అవ్వ అంటాం, అన్నం కలిపి బాపు నోట్లో పెడుతోంది. ఆయన వేళ్లు ఉబ్బి, వంకర తిరిగి ఉన్నాయి.

"ఏం సదువే నీది!" అవ్వ నా మీద లేచింది. "నెల దినాలాయె గోలి మింగక. బిడ్డ పని ఖరాబైతదట!"

"నువ్వు ఊకోవే" అని బాపు నా వైపు తిరిగాడు. "మాట్లాడినయా బిడ్డా? ఏమన్నయి?"

లేవండి, ఈయన కీళ్లను కొరకండి అనే చెప్పుకుని ఉంటాయి. అక్కడే కూలబడి ఏడ్చాను.

గోలీలు మళ్లీ మొదలుపెట్టించాను. వాపు తగ్గింది గానీ కుడిచేతి రెండు వేళ్లు తిరిగి నిటారుగా సాగలేదు, బాపు మళ్లీ కత్తెర పట్టలేదు. ఆ ఫలితం మాత్రం నా థీసిస్‌లో ఉంది, కింద చిన్న అక్షరాల్లో 'మందు ఆపిన రోగి' అని. ఎందుకు ఆపాడో గైడ్‌కు చెప్పలేదు. చెబితే తీసేయమంటారని భయపడ్డాను.