కాలవకు తోటనిచ్చిన పేరమ్మగారు

మా మేనత్త పేరమ్మగారు పరమపదించారని రాజోలు నుంచి వచ్చిన పడవ సరంగు చెబితే మొదట నమ్మలేకపోయాను. గతవారమే నన్ను కూర్చోబెట్టి, రేడియోలోకి మనిషి గొంతు ఎలా వస్తుందో చెప్పమని నిలదీశారు. నాకు తెలియదంటే, తెలుసుకుని రమ్మని పంపించారు. ఆ జిజ్ఞాస అంతలోనే ఆరిపోయిందంటే మనసు ఒప్పుకోవడం లేదు.

చిన్న వయసులోనే వైధవ్యం ప్రాప్తించిన ఆవిడకు జీవనాధారం ఊరి చివరి కొబ్బరితోట ఒక్కటే. మామయ్య స్వహస్తాలతో నాటిన చెట్లవి. కొత్త కాలవ కోసం ఆ తోటను సర్కారు తీసుకుంటుందని నోటీసు వచ్చినప్పుడు బంధువులమంతా కలవరపడ్డాం. ఆవిడ మాత్రం కొలతలకు వచ్చిన సర్వేయరుకు బొండాం కొట్టించి ఇచ్చి, ఆయన దుర్భిణీలోంచి తానూ చూస్తానన్నారు. చూసి, "తోట తలకిందులుగా కనపడుతోందేమండీ?" అని అడిగారు. అద్దాల అమరిక ఆయన వివరించేదాకా వదల్లేదు. ఆ తరవాత గాని, ఈ నీళ్లు ఎవరికని అడగలేదు.

సముద్రం దగ్గరి చివరి ఊళ్లకని ఆయన చెప్పారు. మర్నాడే అత్తయ్య నన్ను వెంటబెట్టుకుని పడవెక్కారు. అక్కడ ఉప్పు తేలిన చేలు, ఎక్కడినుంచో కావిళ్లతో మంచినీళ్లు మోసుకొచ్చే జనం. ఒక ఇల్లాలు చెంబుతో నీళ్లిస్తే అత్తయ్య రెండు గుక్కలు ఎత్తి పోసుకుని, మిగిలినవి ఆవిడకే ఇచ్చేశారు. తిరిగొచ్చాక చెట్ల మధ్య చాలాసేపు ఒంటరిగా తిరిగారు.

విచారణనాడు అమలాపురం కచేరీలో ఆవిడ అభ్యంతరం చెబుతారనే మేము ఎదురుచూస్తున్నాం.

"తోట తీసుకోండి బాబూ. కాని కాలవ ఆ చివరి ఊరిదాకా వెళ్లాలి. మధ్యలో ఆపేస్తే నా తోట నాకిచ్చెయ్యాలి. అలాగని రాసుకోండి" అన్నారు.

అలా రాసే పద్ధతి లేదని అధికారి మెల్లగా చెప్పారు.

"అయితే నేనే వచ్చి అడుగుతూ ఉంటానండీ."

చెట్లు కొట్టిన రోజు ఆవిడ గది దాటి రాలేదు, అన్నం ముట్టలేదు. తరవాత విస్తళ్లు కుట్టి బతికారు. కాలవ సగంలో ఆగిపోయినప్పుడు ఎండనక వాననక కచేరీకి తిరిగారు. ఎందుకు ఆగిందో చెబితే వెళ్లిపోతాననేవారు. అధికారులు మారారు గాని ఆవిడ ప్రశ్న మారలేదు. జవాబు చెప్పలేకనో, నిజంగానే మనసు కరిగో, పని మళ్లీ మొదలుపెట్టారు. చివరి ఊరికి నీళ్లు చేరాయని నేను చెప్పిన రోజు కళ్లొత్తుకుని, "ఇహ మీ మామయ్యకి జవాబు చెప్పుకోగలనురా" అన్నారు.

ఆ ధన్యజీవికి నా అశ్రుతర్పణం. కర్మకాండ ముగిసిన మర్నాడే, రోడ్డు కోసమని మా ఊరికి మళ్లీ కొలతలవాళ్లు వచ్చారు. నోటీసులు అందరం పుచ్చుకున్నాం. ఆ రోడ్డు ఎవరికోసమని అడగడానికి మాలో ఒక్కరికీ నోరు రాలేదు.