మైకు విన్న ఆకలి

ఫిలింనగర్‌లో మేము పనిచేసే డబ్బింగ్ థియేటరు తలుపు బాగా మందం. దాన్ని లాగి మూసేసరికి బయటి హారన్లు, ఆటోల రొద, పక్క బిల్డింగులో గ్రానైటు కోస్తున్న మోత, అన్నీ ఒక్కసారిగా ఆగిపోతాయి. చెవులు దిబ్బడ వేసినట్టవుతాయి. కాసేపటికి ఆ నిశ్శబ్దంలోంచి మన ఒంటి చప్పుళ్ళు ఒక్కొక్కటే బయటికొస్తాయి. గుటక వేసింది వినిపిస్తుంది, ఊపిరి పీల్చింది వినిపిస్తుంది, చీర చెంగు సర్దుకుంటే అదీ వినిపిస్తుంది. కొత్తగా వచ్చినవాళ్ళు అక్కడ బిక్కమొహం వేస్తారు. నాకు మాత్రం ఆ తలుపు మూసుకున్న ప్రతిసారీ సులోచనక్క గుర్తొస్తుంది. నిన్న డైలాగు కాగితం పట్టుకుని మైకు ముందు నిలబడితే, ఆవిడ వెనకాల కుర్చీలో కూర్చుని ఉన్నట్టే అనిపించి తిరిగి చూశాను. ఆవిడ పోయి రెండేళ్ళు దాటింది.

మీరు ఆవిడను చూసి ఉండరు గానీ విని ఉంటారు. తెర మీద అలిగి, నవ్వి, వానలో తడిసి, రైలు వెనకాల పరిగెత్తిన నాజూకు హీరోయిన్లు ఎంతోమందికి గొంతు ఆవిడదే. మనిషి మాత్రం భారీ విగ్రహం. సిద్దిపేట వైపు పుట్టి పెరిగారు. మైకు ముందు నిలబడితే కృష్ణా జిల్లా కోడలు పిల్లలా "ఏవండీ, కాఫీ చల్లారిపోతోంది" అని గోముగా పలికేవారు. రికార్డింగు ఎర్ర బల్బు ఆరిపోగానే సౌండ్ ఇంజనీరు వైపు తిరిగి "ఏంది రఫీ, ఏసీ పెట్టినవా, ఐస్ ఫ్యాక్టరీ పెట్టినవా?" అనేవారు. ఆ రెండు గొంతులూ ఒకే మనిషివని మొదటిరోజు నాకు నమ్మకం కుదరలేదు. నేను వచ్చేనాటికి ఆవిడ హీరోయిన్లకు డబ్బింగ్ చెప్పడం తగ్గించి డబ్బింగ్ ఇన్‌ఛార్జిగా స్థిరపడ్డారు. ఎవరి గొంతు ఎవరికి సరిపోతుందో ఎంచి, పక్కన కూర్చుని చెప్పించడం ఆవిడ పని.

మాది గుడివాడ. డిగ్రీ అయ్యాక మధురానగర్‌లో ఒక లేడీస్ హాస్టల్లో దిగి, వాయిస్ టెస్టుకని ఆవిడ దగ్గరికి వెళ్ళాను. నా పేరు, ఊరు అడగకముందే "తిన్నవా?" అన్నారు. అది పలకరింపు అనుకుని మర్యాదకు "తినే వచ్చానండీ" అన్నాను. నిజానికి కంగారులో ఏమీ తినలేదు. ఆవిడ నా మొహం చూసి నవ్వారు.

"గిది మర్యాద కాదు బిడ్డా, పని. ఖాళీ కడుపు గుర్రుమంటది. మైకుకు గది గూడ ఇనొస్తది. టేక్ మొత్తం ఖరాబ్."

కిందికి మనిషిని పంపి ఇడ్లీ తెప్పించి, నేను తినేదాకా టెస్టు మొదలుపెట్టలేదు. తింటున్నంతసేపూ నాకు సిగ్గుతో చచ్చినంత పనైంది. గొంతు ఎలా ఉందని కాకుండా కడుపు ఎలా ఉందని చూసే ఉద్యోగం ఇదేమిటా అనుకున్నాను.

రెండేళ్ళు చిన్నాచితకా వేషాలకు చెప్పాక అదృష్టం తలుపు తట్టింది. ముంబై నుంచి ఒక కొత్త హీరోయిన్ వచ్చింది. పేరు చెప్పను, ఇప్పుడు అది అనవసరం కూడా. ఆమెకు తెలుగు రాదు. సులోచనక్క నా గొంతు పెట్టించారు. సినిమా ఆడింది, ఆ గొంతు జనానికి పట్టింది, ఆ తర్వాత ఆమె ఎవరి సినిమా చేసినా నన్నే పిలిచారు. నేను గాల్లో తేలిపోయాను. విజయోత్సవంలో ఎవరో నన్ను ఒక డిస్ట్రిబ్యూటరు గారికి పరిచయం చేస్తే, ఆయన వెనకున్న పోస్టరు వైపు, నా వైపు మార్చి మార్చి చూసి, "ఆ గొంతు ఈ అమ్మాయిదా? అస్సలు ఊహించలేం" అని పకపకా నవ్వాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు నా పొట్టలోకి దిగి అక్కడే కూర్చుంది.

ఇక్కడ మా పని గురించి ఒక మాట చెప్పాలి. డబ్బింగ్ అంటే పెదవులు కలపడం ఒక్కటే కాదు. తెర మీద మనిషి ఎక్కడ ఊపిరి పీల్చిందో చూసి అక్కడే మనమూ పీల్చాలి. అందుకని ఒకే షాటును తిప్పి తిప్పి చూస్తాం. నా ముందు పొద్దస్తమానం గోడంత ఎత్తున ఆమె మెడ, భుజాలు, కంఠం కింద తేలిన ఎముకలు. ఆమెతో పాటే పీలుస్తూ, ఆమెతో పాటే వదులుతూ, నా ఎముకలు కూడా అలా తేలాలన్న కోరిక ఎప్పుడు నాలో దూరిందో నాకే తెలియదు. తిండి తగ్గించాను. ఆపైన తినకపోవడమే నా అసలు ఉద్యోగం అయిపోయింది. మా అమ్మ కాలంలో "చిక్కిపోయావేమే" అంటే జాలి. ఫిలింనగర్‌లో అదే మాట పొగడ్త. ప్రతి పొగడ్తా నన్ను ఇంకాస్త లోపలికి తోసింది. జుట్టు ఊడుతున్నా, మెట్లెక్కితే కళ్ళు బైర్లు కమ్ముతున్నా, అద్దంలో నాకు కనిపించేది మాత్రం ఆ డిస్ట్రిబ్యూటరు నవ్విన అమ్మాయే. సులోచనక్క రోజూ అడిగేవారు, నేను రోజూ "తినే వచ్చానక్కా" అనేదాన్ని.

ఒకరోజు ఏడుపు సీను. హీరోయిన్ తండ్రి శవం పక్కన కూర్చుని చాలాసేపు మాట్లాడదు, తర్వాత సన్నగా "నాన్నా" అంటుంది. ఆ మౌనమే సీనుకు ప్రాణం. నేను మైకు ముందు కళ్ళు మూసుకున్నాను. ఆ మౌనంలో నా కడుపు గుర్రుమంది. మళ్ళీ చేశాం, మళ్ళీ గుర్రుమంది. గ్లాసుడు నీళ్ళు తాగి చేస్తే నీళ్ళు కదిలిన చప్పుడు కూడా తోడైంది. అద్దం అవతల రఫీ భాయ్ పాపం తల దించుకున్నాడు. సులోచనక్క అతన్ని చాయ్‌కి పంపించి, లోపలికొచ్చి తలుపు మూసి, నాకెదురుగా కూర్చున్నారు. కోప్పడతారని చూశాను. ఆవిడ నా చేతిని తన చేతిలోకి తీసుకుని, మణికట్టు చుట్టూ తన వేళ్ళు ఎంత వదులుగా తిరుగుతున్నాయో చూశారు.

"నోటితోని ఎన్నైనా చెప్పొచ్చు బిడ్డా. కడుపు అబద్ధమాడదు" అన్నారు. "ఎన్ని దినాలైతుంది గిట్ల?"

నేను భోరున ఏడ్చాను. ఆ ఏడుపు నిజంగా రికార్డు చేసి ఉంటే సీను అద్భుతంగా వచ్చేది.

ఆవిడ మొదట చేసింది తప్పు. ఆ విషయం ఆవిడే తర్వాత అందరికీ నవ్వుతూ చెప్పేవారు. పిల్ల తినడం లేదు కాబట్టి తినిపిస్తే సరిపోతుందనుకున్నారు. మర్నాడు జొన్నరొట్టెలు, కోడికూర, పెరుగు తెచ్చి, ఎదురుగా కూర్చుని, ప్రతి ముద్దకూ శభాష్ అంటూ తినిపించారు. ఆ శభాష్‌లు నాకు చెంపదెబ్బల్లా తగిలాయి. వారం రోజులు ఆవిడకు కనపడకుండా తప్పించుకు తిరిగాను. అప్పుడు హాస్టల్‌కే వచ్చి, నన్ను ఆటో ఎక్కించుకుని బంజారా హిల్స్‌లో ఒక సైకియాట్రిస్టు దగ్గరికి తీసుకెళ్ళారు. ఆ డాక్టరమ్మ ఓపికగా అంతా విని, ఇది పొగరూ కాదు, ఫ్యాషనూ కాదు, జబ్బు, నయమయ్యే జబ్బు, కానీ తొందరపడితే కుదరదు అని చెప్పారు. ఆ జబ్బుకు ఒక పేరుందని తెలిసినప్పుడు నాకు పట్టరాని ఉపశమనం కలిగింది. అక్క మాత్రం డాక్టరుగారిని ఒకటే అడిగారు, నేనేం చెయ్యాలె, ఏం చెయ్యొద్దు అని. బలవంతం చెయ్యొద్దు, కంచం వైపు చూడొద్దు, పక్కన కూర్చుని మీ అన్నం మీరు తింటూ వేరే సంగతులు మాట్లాడండి అన్నారావిడ.

మాట్లాడమంటే సులోచనక్కకు పండగే. మందులూ కౌన్సెలింగూ ఒకవైపు నడుస్తుంటే, మధ్యాహ్నాలు మా ఇద్దరికీ ఆ థియేటరు బాల్కనీలో భోజనం. నీళ్ళలో మునిగిపోతున్న హీరోయిన్‌కు చెప్పాల్సి వచ్చి, నోట్లో నీళ్ళు పోసుకుని పుక్కిలిస్తూ మాట్లాడి, అవన్నీ మైకు మీద కక్కేసి, మైకు ఎండేదాకా యూనిట్ మొత్తాన్ని కూర్చోబెట్టిన కథ చెప్పారు. నేను నవ్వుతూ నవ్వుతూ ఎంత తిన్నానో గమనించలేదు. ఆవిడ గమనించి ఉంటారు, కాని ఒక్కసారి కూడా కంచం వంక చూడలేదు. ఒకనాడు రఫీ భాయ్ ఎంతో ప్రేమగా "మొహంలో కళ వచ్చిందమ్మా" అన్నాడు. ఆ జబ్బులో ఉన్నవాళ్ళకు ఆ మాట "లావెక్కావు" అని వినిపిస్తుంది. ఆ రాత్రి నేను అన్నం మానేశాను. సంగతి తెలిశాక అక్క థియేటరులో ఒక చట్టం పెట్టారు. ఇక్కడ ఎవరైనా ఎవరి గొంతు గురించైనా మాట్లాడవచ్చు, ఒంటి గురించి మాత్రం వద్దు, మెచ్చుకోలైనా సరే. పెద్ద పెద్ద దర్శకులు కూడా ఆవిడ ముందు నాలుక కరుచుకునేవారు.

అలా పడుతూ లేస్తూ ఏడాది గడిచాక, నేను కుదురుకుంటున్నానని డాక్టరమ్మ అన్న రోజుల్లోనే ఆ వీడియో వచ్చింది. మా హీరోయిన్ కొత్త సినిమాలో పాత్ర కోసం ఇంకా సన్నబడింది. గుర్తుపట్టలేనంతగా. ఎలా సాధించిందో ఆమె ఇంగ్లీషులో చెప్పిన ఇంటర్వ్యూకు తెలుగు గొంతు కావాలి. ఆమె మేనేజరు కాగితం తెచ్చి, జనానికి ఆమె గొంతంటే నీ గొంతే కాబట్టి నువ్వే చెప్పాలన్నాడు. కాదంటే వచ్చే సినిమాలకు కొత్త గొంతు వెతుక్కుంటాం అని కూడా, నవ్వుతూనే, అన్నాడు. కాగితంలో "ఆకలి అనేది మనసు ఆడే నాటకం. నాకిప్పుడు ఆకలంటేనే తెలియదు" అని ఉంది. సులోచనక్క చదివి, నా చేతికిచ్చారు.

"నేను వద్దంటే అది నా మాటైతది. నోరు నీది, నువ్వే ఆలోచించుకో. నేను ఈడనే కూసుంట."

నిజం చెప్తాను. ఆ కాగితం చదివినప్పుడు నాకు భయం వేయలేదు, ఇష్టం కలిగింది. పాత స్నేహితురాలు తిరిగొచ్చి పిలిచినట్టనిపించింది. ఆ మాటలు నా నోటితో, నా గొంతుతో, నమ్మకంగా పలికితే మొదట నమ్మేది నేనే. అంత తెలిసీ లోపలికి వెళ్ళాను, హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నాను. ముందు ఆమె అసలు గొంతు వినాలి, ఊపిరి ఎక్కడ తీసుకుందో చూసుకోవాలి. ఆమె నవ్వుతూ, కెమెరా కళ్ళలోకి చూస్తూ, నాకిప్పుడు ఆకలంటేనే తెలియదు అని, ఆ మాట బరువు తెలియడానికి కాస్త ఆగింది. ఆ ఆగిన చోట సన్నగా ఒక చప్పుడు వినిపించింది.

మరోసారి వేయమన్నాను. రఫీ భాయ్ సౌండు పెంచి వేశాడు. అనుమానం లేదు. ఆమె చీర కొంగుకు తగిలించిన చిన్న మైకు, ఆమె కడుపు గుర్రుమనడాన్ని చక్కగా పట్టుకుంది. అద్దం అవతల రఫీ భాయ్‌కి నవ్వొచ్చింది. సులోచనక్క నవ్వలేదు. కొంగుతో మొహం తుడుచుకుని, స్పీకరు బటన్ నొక్కి మెల్లిగా అన్నారు.

"పాపం, గా పిల్లకు ఆకలైతుంది బిడ్డా."

అంతవరకు నేను ఆమెను అందంగా చూశాను, అసూయగా చూశాను, కొలబద్దలా చూశాను. ఆకలేసిన మనిషిలా చూడటం అదే మొదలు. హెడ్‌ఫోన్స్ తీసి స్టాండుకు తగిలించి, బయటికొచ్చి, ఇది నేను చెప్పనండీ అని మేనేజరుకు చెప్పాను. నా గొంతు వణకలేదు. అతను అన్నంత పనీ చేశాడు. ఆ ఇంటర్వ్యూ ఇంకెవరో చెప్పారు, ఆ చప్పుడును ఇంకెవరో తుడిచేశారు, ఆ తర్వాత ఆమె సినిమాలేవీ నాకు రాలేదు. ఆమె ఇప్పుడు ఎలా ఉందో నాకు తెలియదు. బాగుండాలని మనస్ఫూర్తిగా కోరుకుంటాను.

ఆ మధ్యాహ్నం బాల్కనీలో పప్పన్నం కలుపుకుంటూ, ఎన్నాళ్ళుగానో అడగాలనుకున్నది అక్కను అడిగాను. ఇంతమంది సన్నటివాళ్ళకు గొంతిచ్చారు కదా, మీకెప్పుడూ వాళ్ళలా ఉండాలనిపించలేదా అని.

"ఎందుకనిపియ్యలే? అద్దంల చూసుకొని ఏడ్చిన గూడ. నా పెండ్లిల ఒకామె, హీరోయిన్ గొంతని చెప్తే ఏనుగును తెచ్చిండ్రేంది అన్నది." పెరుగు గిన్నె నా వైపు జరిపారు. "కానీ ఒకటి సమజైంది. వాళ్ళు తెర మీద ఏడ్వాలన్నా, నవ్వాలన్నా, నా ఊపిరే గావాలె గద."

డబ్బింగ్‌లో నేను నేర్చుకున్నదంతా ఆ మాటలోనే ఉంది. ఆ హీరోయిన్ సినిమాలు చేజారాక అక్క నాతో తల్లులకు, అత్తలకు, పోలీసాఫీసర్లకు, ఒక దయ్యానికి కూడా చెప్పించారు. గొంతు విశాలమైంది, పనీ పెరిగింది. జబ్బు పూర్తిగా పోయిందా అని ఎవరైనా అడిగితే, అప్పుడప్పుడూ వచ్చి తలుపు కొడుతుంది, నేను తియ్యను అని చెప్తాను. అలాంటి రోజు వస్తే డాక్టరమ్మకు ఫోను చేస్తాను, వేళకు కంచం ముందు కూర్చుంటాను, ఇష్టం ఉన్నా లేకున్నా తింటాను. తిని మైకు ముందుకు వెళ్తాను. తెర మీద ఎంత సన్నటి బొమ్మైనా ఉండనివ్వండి, దానికి నోట మాట రావాలంటే కడుపునిండా తిన్న మనిషి ఒకరు కావాలి. ఆ మనిషిని నేను.