మైనస్ నూట ఎనభై నీళ్ళు

1995 వేసవిలో పోయినవి ఇవి: తిరువొత్తియూరులో ఒక బోరు, ఒక చలిపందిరి, ఒక పెద్దావిడ ఒంట్లో సత్తువ. అప్పుడు నేను మద్రాసులో నీటిశుద్ధి యంత్రాలు అమ్మే కంపెనీలో ఫీల్డ్ టెస్టర్‌ని. రసాయన శాస్త్రం చదువుకోలేదు, అంకెలు పోల్చుకుంటూ పని నేర్చుకున్నాను.

మా మీటరు కొలిచేది ఆక్సీకరణ-క్షయకరణ పొటెన్షియల్, ఓ.ఆర్.పి. అనేవాళ్ళం. నీటికి ఎలక్ట్రాన్లు లాక్కునే గుణం ఎక్కువైతే ప్లస్, ఇచ్చే గుణం ఎక్కువైతే మైనస్. క్లోరిన్ కలిపిన కుళాయి నీళ్ళు ప్లస్ ఆరువందల మిల్లీవోల్టుల దాకా చూపేవి. మా యంత్రం వాటిని మైనస్‌లోకి దించేది. అలాంటి నీళ్ళు యాంటీఆక్సిడెంట్లనీ, ఒంటికి పట్టే తుప్పును ఆపుతాయనీ మా కరపత్రం చెప్పేది.

సౌకార్‌పేట మసాలా వ్యాపారి గోవిందయ్య శెట్టిగారు యంత్రం కొనేముందు తన తిరువొత్తియూరు గోదాములోని బోరు నీళ్ళు చూడమన్నారు. ఎలక్ట్రోడ్ ముంచాను. మైనస్ నూట ఎనభై.

"ఏమప్పా సుందరం, మీ మిషన్ చేసే పని ఈడ భూమే చేస్తా ఉంది గదా. మీ ముదలాళిని, అదే మీ ఓనరుని, బిందె తీసుకుని రమ్మను."

కాస్త కుళ్ళు వాసన ఉందన్నాను. ఇనుము వాసనలే అన్నారు. శాంపిల్‌ను ఐసుపెట్టెలో ల్యాబుకు పంపాను. క్రిముల పరీక్షకు రెండు రోజులు పడుతుందనీ, అందాకా తాగవద్దనీ చెప్పాను.

"రేపు శుక్రవారం, స్టేషను ముందర ఈ నీళ్ళతోనే చలిపందిరికి ముహూర్తం పెట్టేసినాము. నంబరు నువ్వే చూపిస్తివి. ఇంక ల్యాబు ఎందుకప్పా, జాతకం చూసేదానికా?"

వాళ్ళ ఆచారం ప్రకారం మొదటి గ్లాసు ఆయన తల్లి రాజమ్మగారు తాగారు.

శనివారం సాయంత్రం రిపోర్టు వచ్చింది. లెక్కకు అందనన్ని కోలిఫారం క్రిములు. బోరులోకి మురుగు దిగుతోంది. మురుగు నీళ్ళలో క్రిములు ఆక్సిజన్‌ను తినేస్తాయి, అందుకే రీడింగు మైనస్‌కు పోతుందని ల్యాబు కెమిస్టు చెప్పాడు. మీటరు తప్పు చూపలేదు.

నేను వెళ్ళేసరికి రైలు దిగినవాళ్ళు పందిరి దగ్గర వరుసలో నిలబడి ఉన్నారు. శెట్టిగారు కాగితం చదివి, "అమ్మను పొద్దున్నే ఆస్పత్రిలో చేర్చినాము," అని మాత్రం అన్నారు. కుండలు తనే ఒంచేశారు. రాజమ్మగారు బతికారు గానీ మళ్ళీ గడప దాటలేదు.

ఓ.ఆర్.పి. నీటిలో ఎలక్ట్రాన్లు ఇచ్చే గుణం ఉందని చెబుతుంది, ఇస్తున్నది ఏమిటో చెప్పదు. నేను నేర్చుకున్నది అంతే.

ఆరోగ్య శాఖ ఇన్‌స్పెక్టరు ఎంతమంది తాగారని అడిగాడు. ధర్మానికి పోసే నీళ్ళు శెట్టిగారి ఇంట ఎవరూ లెక్కపెట్టరు. ఇన్‌స్పెక్టరుకు ఆ సంఖ్య నేనింకా బాకీ.