గట్టు మీది కలుపు కుప్ప

ఉద్యోగంలో నా చివరి పోస్టింగు యానాం. వ్యవసాయాధికారిగా అక్కడ చేరిన ఏడాదే, తొలకరికి ముందు, మెట్టకూరులో ఒక ప్రదర్శన క్షేత్రం పెట్టమని డిప్యూటీ డైరెక్టరు గారి ఆర్డరు వచ్చింది. ప్రదర్శన క్షేత్రమంటే పెద్ద హంగేమీ కాదు. రైతు చేనును రెండు మళ్ళు చేసి, ఒకదాంట్లో మామూలు పద్ధతి, రెండోదాంట్లో మేం చెప్పే పద్ధతి వేసి ఊరివాళ్ళకు పక్కపక్కన చూపించడం.

నేను ఎంచుకున్న చేను సువార్తమ్మది. పుట్టింటివాళ్ళు ఇచ్చిన అరెకరం మెట్ట. బతుకంతా పరాయి చేలలో కలుపు తీసిన మనిషి. తీరా సొంత చేలో తీద్దామంటే మోకాళ్ళు వంగవు. ఈసారీ కలుపు మింగేస్తే చేను కౌలుకిచ్చేద్దామని భర్త దేవదానం నిశ్చయించాడు. అతను నాతో ఆ మాట చెబుతుంటే ఆవిడ ఒడిలో పిల్లని ఎవరో ఎత్తుకుపోతున్నట్టు చేను వైపు చూసింది.

ఒక మడిలో జొన్న ఒక్కటే వేశాం. రెండోదాంట్లో జొన్న సాళ్ళ మధ్య బొబ్బర్లు, అదీ తీగ పాకని గుబురు రకం. మొక్కలు చిన్నగా ఉండగా ఒకసారి కలుపు తీస్తే చాలు, ఆపైన బొబ్బరాకు నేలను కప్పేసి కలుపుకు ఎండ తగలనివ్వదు. మందు కొడదామంటే కుదరదు; జొన్నకు వాడేది బొబ్బర్లను మాడ్చేస్తుంది. అన్నిటికంటే ముఖ్యమైన షరతు, ఆ తొలి కలుపు తరవాత రెండు మళ్ళలోనూ ఎవరూ చెయ్యి పెట్టకూడదు. అప్పుడే తేడా కనబడుతుంది. ఈ సంగతి భార్యాభర్తలిద్దరికీ చిలక్కి చెప్పినట్టు చెప్పాను.

జొన్న పొట్టకొచ్చే వేళకి వట్టి జొన్న మడిలో తుంగా గడ్డీ మోకాలెత్తు లేచాయి. బొబ్బర్లు కలిపిన మడిలో నేలే కనబడలేదు. నాకు లోపల్లోపల పండగే.

డిప్యూటీ డైరెక్టరు గారు రైతుల్ని వెంటబెట్టుకుని చూడ్డానికొచ్చే రోజున కాస్త ముందుగా చేలోకి దిగాను. వట్టి జొన్న మడి అద్దంలా ఉంది! వెతికినా గడ్డిపరక లేదు. "ఎంత పని చేశావు సువార్తమ్మా! నా కొంప ముంచావు!" అని అరిచాను. నా నోరు మొదట్నుంచీ అంతే.

ఆవిడ నొచ్చుకోలేదు. "ఆయ్, పెద్దసారొస్తన్నారు గదండి. మీరేయించిన మడి గడ్డి పట్టి కనబడితే మీ పరువేం గానండి? చుట్టాలొస్తే ఇల్లు ఊడ్చుకోమా ఏంటి?" అంది. భార్యాభర్తలిద్దరూ పీటలు వేసుకుని, కూర్చునే జరుగుతూ మడంతా పీకారట. ఆవిడ మోకాళ్ళు రెండూ వాచిపోయి ఉన్నాయి. నా కోపం ఎటు పోయిందో తెలీదు. నా పరువు కోసం అంత కష్టం అంతకు ముందెవరూ పడలేదు, మా ఇంట్లోవాళ్ళతో సహా.

వచ్చినవాళ్ళు రెండు మళ్ళూ చూశారు. రెండూ శుభ్రంగానే ఉన్నాయి. ఇక చూపించడానికేముంది అని నేను తల పట్టుకుంటుంటే, డిప్యూటీ డైరెక్టరు గారు గట్టు మీది కలుపు కుప్ప చూసి ఇది ఏ మడిదని అడిగారు. వాడిపోయిన తుంగ, నడుమెత్తు కుప్ప. వట్టి జొన్న మడిదన్నాడు దేవదానం. మరి రెండో మడిది ఎక్కడ పోశారని ఆయన అడిగారు.

"అందులో పీకడానికేముందండి? నాలుగు పరకలు. మేక్కేసేసేను," అంది సువార్తమ్మ.

రైతులు నవ్వారు. కొందరు బొబ్బరాకు పక్కకు తీసి నేల చూశారు. నేను సిద్ధం చేసుకున్న ఉపన్యాసం అవసరం లేకపోయింది.

అందరూ వెళ్ళాక దేవదానం భార్య మోకాళ్ళకేసి చూస్తూ కౌలు సంగతి తనే ఎత్తాడు. "వచ్చే ఏడు చేనంతా బొబ్బర్లు కలిపే ఏసేద్దాం. కౌలూ లేదు గీలూ లేదు. నువ్వు గట్టు మీద కూకో, చాలు." ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుంది.

ఆ తరవాత ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ ఏ చేను చూడబోయినా ముందు గట్టు చూసేవాణ్ణి, తరవాతే పంట. చేను శుభ్రంగా ఉంటే సరిపోదు. ఆ శుభ్రం పంట చేసిందో, ఎవరి మోకాళ్ళు చేశాయో తెలుసుకోవాలి.