వడగట్టిన పంపరపనస

పళ్ళరసం తీస్తే పీచు పోతుందని లోకమంతా బాధపడుతున్న ఈ రోజుల్లో, మా ఇంట ఆ పీచును పోగొట్టే బాధ్యత నాకు అప్పగించబడింది. మా ఆవిడకు పేగులో గడ్డ ఉన్నందున, ఆపరేషన్ అయ్యేవరకు పీచు లోపలికి పోరాదని అమలాపురం డాక్టరుగారి ఉత్తర్వు. మిక్సీలో తిప్పితే పీచు నలుగుతుందే గాని పోదు. కాబట్టి పలుచటి గుడ్డలో వడగట్టి, పిప్పిని వేరు చేయడం నా విధి.

ఈ సాయంత్రం కొత్తపేట నుంచి వదినగారు పంపిన పంపరపనస ఒలిచి, నియమానుసారం రసం తీసి గ్లాసు అందించాను. ఆవిడ గ్లాసు వైపు చూడలేదు.

"ఏవండీ, ఒక్క తొన ఇవ్వండి. మింగనండీ, నమిలి ఊసేస్తాను."

"డాక్టరుగారు వద్దన్నారు కదా!"

"ఆయ్, పేగుకి వద్దన్నారండి. నా పళ్ళకేం చెప్పలేదు కదండీ?"

ఉత్తర్వులో నిజంగానే ఆ ప్రస్తావన లేదు. అనుమతి మంజూరు చేశాను.

కళ్ళు మూసుకుని చాలాసేపు నమిలింది. మింగాలని ఎంత ఉందో గొంతు కదలికలో తెలుస్తూనే ఉంది. అయినా మాట తప్పకుండా పిప్పంతా నా అరచేతిలో ఊసి, "చూసుకోండి, అంతా ఉంది" అంది.

పరిశీలించాను. అంతా ఉంది.

ఇటువంటి పిప్పిని మీరైతే ఏం చేసేవారో దయచేసి తెలియజేయగలరు. అక్షరదోషాలుంటే మన్నించాలి. ఎడమచెయ్యి ఇంకా తెరవలేదు, ఒంటిచేత్తో టైపు చేస్తున్నాను.