తాడు రాట్నం దగ్గర పెద్దమ్మ ప్రశ్నలు

నా చిన్నప్పుడు ఎండాకాలం సెలవులు వచ్చాయంటే, రాజోలు దగ్గర మా పెద్దమ్మ ఇంట్లో తాడు రాట్నం తిప్పడం నా పని. ఆమె ఒళ్ళో కొబ్బరిపీచు కట్టుకుని, వేళ్ళతో అందిస్తూ వెనక్కి నడిచేది. నేను ఇవతల కూర్చుని చక్రం తిప్పాలి. వేగం తగ్గితే పురి వదులైపోతుంది. కష్టమేమీ లేదు గానీ, పొద్దుటి నుంచీ అదే తిప్పడం. కాసేపటికి కళ్ళు చక్రం మీదే ఉండేవి, మనసు ఎటో వెళ్ళిపోయేది. చెయ్యి ఎప్పుడు నెమ్మదించిందో నాకే తెలిసేది కాదు.

వేరేవాళ్ళయితే కసిరేవారు. పెద్దమ్మ అవతలి చివర నుంచి ఏదో ఒకటి అడిగేది. గట్టు మీద కొంగ ఎటు చూస్తోందని, కాలవలో పడవ మీద ఏం వేసుకెళుతున్నారని. జవాబు కోసం తల తిప్పేసరికి నా మనసు మళ్ళీ పనిలోకి వచ్చేది. అదంతా ఆటే అనుకునేదాన్ని.

ఒకరోజు విసుగొచ్చి, ఎందుకిన్ని అడుగుతావన్నాను. ఆమె నడక ఆగింది. పీచు ఒళ్ళో ఉంచుకునే అరుగు మీద కూర్చుని, పెదనాన్న పోయిన రోజు సంగతి ఎత్తింది.

మా పెదనాన్న రావులపాలెం నుంచి అరటిగెలల లారీ తోలేవారట. నేను పుట్టకముందే ప్రమాదంలో పోయారు. నాకు అంతవరకే తెలుసు. లారీ తోలుతూ నిద్రపట్టేసిందా అని అడిగాను.

"నిద్ర కాదమ్మా, మిట్టమధ్యాహ్నం. కళ్ళు తెరుచుకునే ఉన్నాయని క్లీనరు చెప్పేడు. తిన్నటి రోడ్డు, ఎంతసేపూ అదే చూపు. ముందు ఆగున్న లారీ ఆయన కళ్ళకి ఆనలేదు."

పీచు విడదీస్తూ మళ్ళీ చెప్పింది.

"మీ పెదనాన్నకి కబుర్లెక్కువ. పక్కన ఎవరున్నా మాటలే. ఆవేళ బయల్దేరుతుంటే, కబుర్లాపి రోడ్డు చూసి నడపండని నేనే చెప్పేను. దారంతా పెదవి విప్పలేదంట. నా మాట విన్నారమ్మా."

ఆమె ఏడవలేదు. లేచి మళ్ళీ వెనక్కి నడవసాగింది. ఆ పూట ఇంక ఏమీ అడగలేదు. నాకు భయమేసి నేనే అడగడం మొదలుపెట్టాను. ఏమడగాలో తెలియక, రాత్రికి ఏం కూరని అడిగిందే అడిగాను. అన్నిసార్లూ ఓపిగ్గా జవాబు చెప్పింది.

తప్పు ఆమెది కాదని చెప్పగలిగే వయసు నాకొచ్చేసరికి, వినడానికి పెద్దమ్మ లేదు.

ఇప్పుడు మా అబ్బాయి కారు నడుపుతుంటే పక్కన కూర్చుని ఏదో ఒకటి అడుగుతూనే ఉంటాను. వాడు విసుక్కుంటాడు. విసుక్కున్నాడంటే మనసు అక్కడే ఉందన్నమాట. నాకు అది చాలు.